షొయ్‌బ్లె గురించి రాయాలంటే 1990 ఆగస్టు నుంచి మొదలుపెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఎం.ఏ. సెమినార్ పేపర్‌కి మీ గైడ్ గారు జర్మన్ నాయకుడు వోల్ఫ్‌గాంగ్ షొయ్‌బ్లె పేరు ఇచ్చారు. 2015లో గ్రీసును ముప్పుతిప్పలు పెట్టిన ఆర్థిక మంత్రి అని తప్ప ఆయన గురించి మీకు ఇంకేమీ తెలియదు. "ఛాన్సలర్ కూడా కాని మనిషి మీద ఇరవై పేజీలు ఏం రాయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు.

నేను పద్దెనిమిదేళ్లుగా జర్మనీలో ఉంటున్నాను. ఇక్కడి రాజ్యాంగం, పాలనా వ్యవస్థ గురించి విదేశీ విద్యార్థులకు పాఠాలు చెప్పడం నా పని. ఏటా షొయ్‌బ్లె మీద రెండు మూడు క్లాసులు తీసుకుంటాను. కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ "ఛాన్సలర్ కాలేదు కదా" అన్న మాట సంగతి చూద్దాం. మన దగ్గర రాజకీయమంతా ప్రధానమంత్రి చుట్టూ, ముఖ్యమంత్రి చుట్టూ తిరుగుతుంది. మంత్రి అంటే ఆయన నీడలో ఉండే మనిషి అనే లెక్క. జర్మన్ రాజ్యాంగం 65వ అధికరణం వేరే విధంగా చెబుతుంది. ప్రభుత్వం ఏ దిక్కుగా పోవాలో ఛాన్సలర్, అంటే అక్కడి ప్రధానమంత్రి లాంటి వ్యక్తి, నిర్ణయిస్తారు, నిజమే. ఆ దిక్కు దాటనంతవరకు తన శాఖను మంత్రి స్వతంత్రంగా, తన బాధ్యత మీదే నడుపుకుంటారు. పైగా అక్కడ దాదాపు ఎప్పుడూ సంకీర్ణమే. నాలుగేళ్ల పనంతా పెద్ద ఒప్పందంగా ముందే రాసుకుని దిగుతారు. ఇంత రాతకోతల మీద నడిచే వ్యవస్థలో, ఆ రాతను తయారు చేయగలిగిన మంత్రికి ఛాన్సలర్‌తో సమానమైన బరువు ఉంటుంది. షొయ్‌బ్లె అలాంటి మంత్రి.

నా దృష్టిలో ఆయన జీవితమంతా ఒక్క నమ్మకం మీద నడిచింది. ఇచ్చిన మాటను కాగితం మీద పెట్టాలి, పెట్టాక దానికి కట్టుబడి ఉండాలి. ఆ నమ్మకంతోనే రెండు దేశాలను ఒకటి చేసే పత్రం రాశారు. ఆ నమ్మకాన్ని తానే తప్పినప్పుడు కింద పడ్డారు. దాన్నే పట్టుకుని గ్రీసు విషయంలో పట్టు విడవలేదు. మీ పేపర్‌కి దారం ఇదే అనుకోండి.

పుట్టింది 1942 సెప్టెంబర్ 18న ఫ్రైబుర్గ్‌లో, పెరిగింది నల్ల అడవి ప్రాంతంలోని హోర్న్‌బెర్గ్ అనే చిన్న ఊళ్లో. లా చదివారు, 1971లో డాక్టరేట్ చేశారు, రాష్ట్ర పన్నుల శాఖలో ఉద్యోగం చేశారు. ఈ పన్నుల శాఖ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది. 1972లో క్రిస్టియన్ డెమోక్రటిక్ యూనియన్ తరఫున ఓఫెన్‌బుర్గ్ నుంచి బుండెస్టాగ్‌కి, అంటే పార్లమెంటు దిగువ సభకు గెలిచారు. అప్పటి నుంచి 2021 దాకా వరసగా 14 ఎన్నికలు, అదే నియోజకవర్గం, ప్రతిసారీ నేరుగా ఓటర్ల చేతే గెలుపు. 2023 డిసెంబర్ 26న కన్నుమూసే నాటికి 51 ఏళ్లుగా సభ్యుడు. జర్మనీ చరిత్రలో ఏ జాతీయ పార్లమెంటులోనూ ఇంకెవరూ అంతకాలం లేరు.

జర్మనీలో మంత్రి కావాలంటే పార్లమెంటు సభ్యుడై ఉండనక్కరలేదు. మన దగ్గరలాగా ఆరు నెలల్లో ఎక్కడో ఒక చోట నుంచి సభలోకి రావాలన్న నిబంధన అక్కడ లేదు. అందుకే సొంత నియోజకవర్గం ఉన్న మంత్రికి ఒక ప్రత్యేకమైన ధీమా ఉంటుంది. మంత్రి పదవి పోయినా సీటు పోదు. షొయ్‌బ్లె మూడు సార్లు పడిపోయి మూడు సార్లు లేవడానికి ఓఫెన్‌బుర్గ్ ఒక పెద్ద కారణం.

1984 నవంబర్‌లో అప్పటి ఛాన్సలర్ హెల్ముట్ కోల్ ఆయన్ని ఛాన్సలర్ కార్యాలయానికి అధిపతిగా, మంత్రి హోదాలో తీసుకున్నారు. ప్రభుత్వంలో ఆయన మొదటి పదవి అదే. ఆ కుర్చీ బయటికి కనిపించదు. అన్ని శాఖల ఫైళ్లు అక్కడ కలుస్తాయి, మంత్రుల మధ్య గొడవలు అక్కడే తీరతాయి. ఇంకో ముఖ్యమైన పని, తూర్పు జర్మనీతో సంబంధాలు. ఆ దేశాన్ని పశ్చిమ జర్మనీ పరాయి దేశంగా ఒప్పుకోదు, అందుకని విదేశాంగ శాఖ కాకుండా ఛాన్సలర్ కార్యాలయమే ఆ వ్యవహారం చూసేది. 1987 సెప్టెంబర్‌లో తూర్పు జర్మనీ అధినేత ఎరిక్ హోనెకర్ పశ్చిమ జర్మనీ రాజధాని బాన్ నగరానికి వచ్చినప్పుడు తెర వెనక ఏర్పాట్లన్నీ షొయ్‌బ్లెవే. అవతలి వాళ్లు ఎలా మాట్లాడతారు, ఎక్కడ దిగుతారు, ఎక్కడ బిగుస్తారు అన్నది అయిదేళ్లలో బాగా తెలిసిపోయింది. 1989 ఏప్రిల్‌లో హోం మంత్రి అయ్యారు. ఆ నవంబర్‌లో బెర్లిన్ గోడ పడింది.

ఇప్పుడు అసలు ఘట్టం. మీ పేపర్‌లో కనీసం మూడో వంతు దీనికి ఇవ్వండి.

1990 జులై 6న రెండు ప్రభుత్వాల మధ్య ఏకీకరణ ఒప్పందం మీద చర్చలు మొదలయ్యాయి. పశ్చిమం వైపు షొయ్‌బ్లె, తూర్పు వైపు గుంటర్ క్రౌజె. ఆగస్టు 31న తూర్పు బెర్లిన్‌లో, ఉంటర్ డెన్ లిండెన్ వీధిలోని యువరాజు భవనంలో సంతకాలు అయిపోయాయి. ఎనిమిది వారాలు! ఒక దేశం చట్టాలన్నీ తీసేసి ఇంకో దేశం చట్టాలు పెట్టే పత్రం ఎనిమిది వారాల్లో తయారైంది. ప్రధాన పాఠంలో ఉన్నవి 45 అధికరణాలే. దాని వెనక వందల పేజీల అనుబంధాలు ఉన్నాయి, ప్రాణమంతా వాటిలోనే ఉంది.

నేను క్లాసులో ఆ అనుబంధాల నుంచి చిన్న చిన్న విషయాలే తీసి చూపిస్తాను. తూర్పు జర్మనీలో మందు చుక్క తాగి బండి నడిపినా నేరమే. పశ్చిమంలో రక్తంలో మద్యం వెయ్యికి 0.8 వంతుల దాకా వదిలేసేవాళ్లు. అక్టోబర్ 3 తెల్లారేసరికి అంతా ఒకే దేశం అయితే ఏ లెక్క చెల్లుతుంది? 1992 ఆఖరు దాకా తూర్పు వైపు పాత సున్నా లెక్కే ఉంటుందని రాసుకున్నారు. తూర్పు వైపు సిగ్నళ్ల పక్కన ఒక ఆకుపచ్చ బాణం బోర్డు ఉండేది, ఎర్ర లైటు ఉన్నా ఆగి చూసుకుని కుడివైపు తిరగొచ్చని దాని అర్థం. దాన్ని కూడా కొంతకాలం ఉండనిచ్చారు. జనానికి నచ్చింది. చివరికి 1994లో దేశమంతటికీ అదే నిబంధన వచ్చింది. నేనుండే ఊరు పశ్చిమంలోనే, మా వీధి చివర కూడా ఆ బాణం ఉంది. దాని దగ్గర ఆగినప్పుడల్లా నాకు ఆ ఒప్పందమే గుర్తొస్తుంది.

పెద్ద ముళ్లూ లేకపోలేదు. గర్భస్రావం చట్టం రెండు వైపులా పూర్తిగా వేరు. తూర్పులో మొదటి పన్నెండు వారాలు స్త్రీ ఇష్టం, పశ్చిమంలో కట్టుదిట్టమైన షరతులు. దాని మీద ఒప్పందమే ఆగిపోతుందేమో అన్నంత టెన్షన్ నడిచింది. ఎవరి చట్టం వాళ్ల వైపు ఉంటుంది, 1992 ఆఖరులోగా కొత్త పార్లమెంటు ఉమ్మడి చట్టం చేయాలి అని రాసి ముడి విప్పారు. తేలని దాన్ని తేలినట్టు రాయకుండా, ఎప్పటిలోగా ఎవరు తేల్చాలో రాయడం షొయ్‌బ్లె పద్ధతి. తూర్పు జర్మనీ రహస్య పోలీసులు జనం మీద పెట్టిన ఫైళ్ల విషయంలో మాత్రం తూర్పు పౌర ఉద్యమకారుల ఆవేదన ఆయనకు మొదట పట్టలేదు. వాళ్లు సెప్టెంబర్‌లో ఆ పోలీసుల పాత కార్యాలయంలో బైఠాయించాక గానీ అదనపు ఒప్పందం రాలేదు. ఆస్తుల విషయంలో "ముందు పాత యజమానికి తిరిగి ఇవ్వడం, కుదరకపోతేనే పరిహారం" అన్న సూత్రం పెట్టారు. దానివల్ల తూర్పులో ఎన్నో ఇళ్లు, ఫ్యాక్టరీ స్థలాలు ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగాయి. ఇది ఆ ఒప్పందంలో పెద్ద లోపమని నా అభిప్రాయం. పేపర్‌లో దీన్ని దాచకండి.

ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం గురించి తెలిసిన మనకు ఈ పని బరువు ఎంతో వేరే చెప్పక్కరలేదు. మనది విడిపోవడం, వాళ్లది కలవడం. 2014 చట్టంలోని తొమ్మిది, పది షెడ్యూళ్ల సంస్థల పంపకం పదేళ్లు దాటినా పూర్తిగా తేలలేదు. ఆస్తి ఎవరిది, ఉద్యోగి ఎవరి కింద, రాజధాని ఎక్కడ అన్న ప్రశ్నలు రాతలో ఎంత స్పష్టంగా ఉంటే తర్వాతి తరానికి అంత తక్కువ బాధ. మీరు తెలుగు విద్యార్థి కాబట్టి ఈ కోణం మీకు సొంతంగా వస్తుంది, వాడుకోండి.

అక్టోబర్ 3న దేశం ఒకటైంది. తొమ్మిది రోజులకు, అక్టోబర్ 12 రాత్రి, సొంత నియోజకవర్గం దగ్గర్లోని ఓపెనావ్ అనే చిన్న ఊళ్లో ఎన్నికల సభ ముగించుకుని బయటికి వస్తున్న షొయ్‌బ్లె మీద మానసిక వ్యాధి ఉన్న ఒక వ్యక్తి కాల్పులు జరిపాడు. ఒక తూటా దవడకు, ఒకటి వెన్నుకు తగిలాయి. అడ్డుపడిన అంగరక్షకుడికి మూడోది తగిలింది. షొయ్‌బ్లె బతికారు గానీ నడుము కింద చచ్చుబడిపోయింది. అప్పటికి వయసు 48. మూడు నెలలు తిరక్కుండానే చక్రాల కుర్చీలో పనిలోకి వచ్చేశారు. ఆ తర్వాత 33 ఏళ్లు ఆ కుర్చీలోనే రాజకీయం చేశారు. ఇక్కడ జాలి కథ రాయొద్దు, ఆయన కూడా దాన్ని ఇష్టపడలేదు. అంతకన్నా ముఖ్యమైనది తర్వాతి జూన్‌లో జరిగింది.

ఏకీకరణ ఒప్పందం రెండో అధికరణంలో "రాజధాని బెర్లిన్" అని ఉంది. పార్లమెంటు, ప్రభుత్వం ఎక్కడ కూర్చుంటాయో ఏకీకరణ తర్వాత తేలుస్తామని వదిలేశారు. మళ్లీ అదే పద్ధతి. 1991 జూన్ 20న బాన్‌లో, రైన్ నది ఒడ్డున పాత నీటి పంపింగ్ భవనంలో సమావేశమైన సభ రోజంతా దాని మీద చర్చించింది. పార్టీ విప్ లేదు, ఎవరి మనసు వాళ్లది. బాన్ వైపే మొగ్గు ఉందని చాలామంది లెక్క. షొయ్‌బ్లె కుర్చీలో కూర్చునే మాట్లాడారు. గొంతు పెంచలేదు. ఇది రెండు ఊళ్ల మధ్య పోటీ కాదు, ఉద్యోగాలు, ఇంటి సామాను తరలించే ఖర్చుల లెక్క కాదు, జర్మనీ భవిష్యత్తు గురించిన నిర్ణయం అన్నారు. దేశం ఒకటయ్యాక బెర్లినే రాజధాని అని నలభై ఏళ్లు ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలా వద్దా అన్నదే ఆ ప్రసంగం సారాంశం. ముగించగానే ప్రత్యర్థి సోషల్ డెమోక్రాట్ పార్టీకి చెందిన మాజీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ తన సీటు నుంచి లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నారు. రాత్రి లెక్క తేలింది. బెర్లిన్‌కి 338, బాన్‌కి 320. తేడా 18 ఓట్లు.

ఒక్క ప్రసంగం పార్లమెంటును, ప్రభుత్వాన్ని బెర్లిన్‌కి తెచ్చిందా? అలా తేల్చి చెప్పడం కష్టం. కానీ ఆ సభలో ఉన్నవాళ్లు ఎంతోమంది ఆ మాటే అన్నారు. నేను ఆ వీడియో ఏటా చూపిస్తాను. కుర్చీని మైకు దగ్గరికి తోసుకుని రావడం, కాగితాలు సర్దుకోవడం, సభ నిశ్శబ్దం కావడం... భాష రాని విద్యార్థులు కూడా కదలకుండా చూస్తారు.

1991 నుంచి 2000 దాకా పార్లమెంటులో పార్టీ పక్ష నాయకుడిగా ఉన్నారు. అది ప్రభుత్వ పదవి కాకపోయినా సంకీర్ణంలో దాని బరువు ఏ మంత్రికీ తీసిపోదు. ఆ రోజుల్లో చేసినదాంట్లో 1994 సెప్టెంబర్‌లో కార్ల్ లామెర్స్‌తో కలిసి రాసిన పత్రం ఒక్కటీ వదలకుండా చదవండి. ఐరోపాలో వేగంగా కలిసిపోగల దేశాలు ఒక గట్టి నడిబొడ్డుగా ముందుకు పోవాలి, మిగతావాళ్లు సిద్ధమైనప్పుడు వచ్చి చేరతారు అని అందులో వాదించారు. ఆ నడిబొడ్డు జాబితాలో ఇటలీకే చోటు లేదు, గ్రీసు సంగతి చెప్పక్కరలేదు. గ్రీసును కొంతకాలం యూరో బయట ఉంచాలని 2015లో ఆయన చేసిన ప్రతిపాదన కోపంతో వచ్చింది కాదని, ఇరవై ఏళ్లుగా మనసులో ఉన్నదేనని ఈ పత్రం వల్లే తెలుస్తుంది.

వారసుడు ఆయనే అని 1997లో కోల్ బహిరంగంగా చెప్పారు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఛాన్సలర్ కావచ్చా అన్న ప్రశ్నను అంతకుముందే షొయ్‌బ్లె స్వయంగా జనం ముందు పెట్టారు. కానీ 1998 ఎన్నికలకు కోల్ మళ్లీ తానే దిగి ఓడిపోయారు. ఓడిన పార్టీకి షొయ్‌బ్లె అధ్యక్షుడయ్యారు. ప్రధాన కార్యదర్శిగా ఏంజెలా మెర్కెల్‌ను పెట్టుకున్నారు.

తర్వాత పతనం. 1999 ఆఖర్లో పార్టీ రహస్య విరాళాల కుంభకోణం బయటపడింది. దాతల పేర్లు చెప్పనని కోల్ భీష్మించారు. డిసెంబర్ 2న సభలో షొయ్‌బ్లె మాట్లాడుతూ ఆయుధాల దళారీ కార్ల్‌హైంజ్ ష్రైబర్‌ను ఒక విందులో కలిశానని చెప్పారు. గ్రీన్ పార్టీ సభ్యుడు ష్ట్రోబెలె మధ్యలో "సూట్‌కేసుతోనా, సూట్‌కేసు లేకుండానా?" అని అరిచారు. "సూట్‌కేసు లేకుండా" అని జవాబిచ్చారు షొయ్‌బ్లె. అయిదారు వారాలకే, 2000 జనవరి 10న, 1994లో ఆ మనిషి నుంచి పార్టీకి లక్ష మార్కుల నగదు తీసుకున్నానని టీవీలో ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ డబ్బు పార్టీ లెక్కల్లో దాత పేరుతో విరాళంగా ఎక్కలేదు. ఫిబ్రవరి 16న తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. ఏప్రిల్‌లో మెర్కెల్ పార్టీ అధ్యక్షురాలయ్యారు.

ఈ ఘట్టాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆ డబ్బు ఆయన జేబులోకి పోలేదన్నది నిజమే. కానీ పన్నుల శాఖలో పనిచేసిన మనిషి, వందల పేజీల ఒప్పందంలో ఒక్క గడువు వదలకుండా రాసిన మనిషి, నగదు తీసుకుని రాతపూర్వకంగా లెక్క చూపకపోవడం, సభలో సగం నిజం చెప్పడం క్షమించదగ్గ పొరపాటు కాదు. ఆయన అభిమానులు రాసిన వ్యాసాల్లో ఇది రెండు వాక్యాల్లో అయిపోతుంది. మీరు అలా చేయకండి.

2004లో దేశాధ్యక్ష పదవికి ఆయన పేరు గట్టిగా వినిపించినా అభ్యర్థిత్వం హోర్స్ట్ కోలర్‌కి దక్కింది. అందులో మెర్కెల్ పాత్ర ఉంది. అయినా 2005లో ఆమె ప్రభుత్వంలో హోం మంత్రిగా చేరారు. ఒకప్పుడు తాను నియమించుకున్న మనిషి కింద, పద్నాలుగేళ్ల కింద వదిలిన శాఖలోనే. అహం అడ్డురాకపోవడం చిన్న విషయం కాదు.

ఆ రెండో విడతను క్లుప్తంగా రాస్తే చాలు. తీవ్రవాదం పేరుతో కంప్యూటర్లలోకి రహస్యంగా చొరబడే అధికారం పోలీసులకు కావాలన్నారు. రాజ్యాంగ న్యాయస్థానం ఇలాంటి చట్టాలకు ఒకదాని వెంట ఒకటి కళ్లెం వేసింది. వేలిముద్రల సేకరణకు నిరసనగా 2008లో హ్యాకర్ల సంఘం ఒకటి షొయ్‌బ్లె వేలిముద్రనే, ఆయన తాగిన నీళ్ల గ్లాసు మీద నుంచి తీసినదాన్ని, తమ పత్రికలో అచ్చేసింది. అదే మనిషి 2006 సెప్టెంబర్‌లో ముస్లిం ప్రతినిధులను, ప్రభుత్వాన్ని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టే సదస్సు ప్రారంభించి, ఇస్లాం జర్మనీలో భాగం, ఐరోపాలో భాగం అని పార్లమెంటులో చెప్పారు. అంత సూటిగా ఆ మాట చెప్పడానికి ఆయన పార్టీలో అప్పట్లో చాలా ధైర్యం కావాలి.

2009 అక్టోబర్‌లో ఆర్థిక మంత్రి. ఇక్కడ ఆ పదవి బలం కాస్త అర్థం చేసుకోవాలి. బడ్జెట్‌లో లేని ఖర్చు ఏ శాఖ చేయాలన్నా 112వ అధికరణం ప్రకారం ఆర్థిక మంత్రి ఒప్పుకోవాలి. డబ్బుకు సంబంధించిన విషయంలో క్యాబినెట్ అంతా ఒకవైపు ఉన్నా ఆర్థిక మంత్రి అభ్యంతరం చెబితే మళ్లీ ఓటింగ్ పెట్టాలి. అప్పుడు మంత్రుల్లో మెజారిటీతో పాటు ఛాన్సలర్ ఓటు కూడా ఆయనకు వ్యతిరేకంగా పడితేనే ఆయన మాట వీగుతుంది. అంటే ఛాన్సలర్ తన పక్కన ఉన్నంతకాలం ఆయన్ని ఎవరూ కదపలేరు.

మొదటి ఏడాదే ఒళ్లు సహకరించలేదు. 2010 మే 9న యూరోను కాపాడే 750 బిలియన్ యూరోల ప్యాకేజీ సమావేశానికి బ్రస్సెల్స్ వెళ్లి, మందు వికటించి ఆస్పత్రిలో చేరారు. హోం మంత్రి థామస్ ద మెజియేర్‌ను హుటాహుటిన విమానంలో పంపాల్సి వచ్చింది. ఆ ఏడాది రాజీనామా చేస్తానంటే మెర్కెల్ ఒప్పుకోలేదు. అదే నవంబర్‌లో, లెక్కల కాగితాలు పంచడం ఆలస్యమైందని విలేకరుల ముందే తన ప్రతినిధిని ఆయన చులకన చేసి మాట్లాడిన వీడియో దేశమంతా చూసింది. ఆ ఉద్యోగి కొద్ది రోజులకే మానేశారు. పనిలో కచ్చితత్వం ఎప్పుడు క్రూరత్వం అవుతుందో ఆ వీడియోలో కనిపిస్తుంది. నాకు ఇప్పటికీ అది చూడటం కష్టం.

ఇక గ్రీసు. అప్పుల్లో కూరుకుపోయిన ఆ దేశానికి 2010లో 110 బిలియన్లు, 2012లో 130 బిలియన్ల యూరోల సాయం. బదులుగా పింఛన్లు, జీతాలు, ఖర్చులు కోయాలన్న షరతులు. గ్రీసు ఆర్థిక వ్యవస్థ దాదాపు నాలుగో వంతు కుంచించుకుపోయింది. నిరుద్యోగం 25 శాతం దాటింది. 2015 జనవరిలో ఈ షరతులను తిరస్కరిస్తామన్న కొత్త ప్రభుత్వం గెలిచింది. ఎన్నికల్లో ప్రభుత్వం మారినంత మాత్రాన దేశం పెట్టిన సంతకం మారదు అన్నది షొయ్‌బ్లె వైఖరి. జులై 5 ప్రజాభిప్రాయ సేకరణలో 61 శాతం గ్రీకులు "వద్దు" అన్నారు. వారం తిరక్కుండా ఆయన శాఖ నుంచి ఒక పత్రం వచ్చింది. 50 బిలియన్ల ప్రభుత్వ ఆస్తులను ఒక నిధిలో పెట్టాలి, లేదంటే కనీసం అయిదేళ్లు యూరో నుంచి తాత్కాలికంగా బయట ఉండాలి. 17 గంటల శిఖరాగ్ర చర్చ తర్వాత జులై 13 ఉదయానికి గ్రీసు యూరోలోనే ఉంటుందని తేలింది. తర్వాత 86 బిలియన్ల దాకా మూడో సాయం వచ్చింది. కలిపి ఉంచాలన్న మెర్కెల్ మాటే నెగ్గింది. షొయ్‌బ్లె తన అభిప్రాయం మార్చుకోలేదు.

నా మాట అడిగితే, ఇక్కడ ఆయన తప్పు. 1990లో ఆయన రాసిన ఒప్పందం గెలిచింది అందులో గడువులు, మినహాయింపులు, ఊపిరి తీసుకునే సందు ఉన్నాయి కాబట్టి. తూర్పు జర్మన్లకు సున్నా చుక్కల నిబంధన దగ్గర కూడా రెండేళ్లు టైమ్ ఇచ్చిన మనిషి, గ్రీకు పింఛనుదారుడికి ఆ సందు ఇవ్వలేదు. కానీ ద్వేషంతో చేశారనడం కూడా అన్యాయం. నియమాలు బలహీనపడితే ఐరోపాయే విడిపోతుందని మనసా నమ్మారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి రాస్తే మీ పేపర్ మిగతావాటి కన్నా వేరుగా ఉంటుంది.

స్వదేశంలో ఆయనకు పేరు తెచ్చింది 2014 బడ్జెట్. కొత్త అప్పు సున్నా, 1969 తర్వాత మొదటిసారి. జర్మన్లు దీన్ని "నల్ల సున్నా" అంటారు. అప్పుకు పరిమితి పెట్టిన రాజ్యాంగ సవరణ 2009లో ఆయన ఈ శాఖకు రాకముందే వచ్చింది. దాన్ని ఆచరణలో పెట్టి చూపిన ఘనత ఆయనది. వడ్డీ రేట్లు అట్టడుగున ఉండటం కూడా బాగా కలిసొచ్చింది. 2017 అక్టోబర్ 24న పదవి వదిలే రోజు శాఖ ఉద్యోగులు నల్ల దుస్తుల్లో ఆఫీసు ప్రాంగణంలోకి వచ్చి పెద్ద సున్నా ఆకారంలో నిలబడి వీడ్కోలు చెప్పారు. ఆ ఫొటో మీరు వెతికి చూడాలి. తర్వాత అదే సున్నాకి ఇంకో బిల్లు వచ్చింది, పాతబడిన వంతెనల రూపంలో. ఏ45 రహదారి మీద రామెడె వంతెనను 2021 డిసెంబర్‌లో మూసేసి 2023లో కూల్చేశారు. 2024 సెప్టెంబర్‌లో డ్రెస్డెన్‌లో కరోలా వంతెన కొంత భాగం నదిలోకి కూలింది. 2025 మార్చిలో అప్పు పరిమితిని సడలించి, మౌలిక సదుపాయాలకు 500 బిలియన్ల ప్రత్యేక నిధి పెట్టుకోవాల్సి వచ్చింది. నేను రోజూ రైలెక్కే మనిషిని. పాత సిగ్నళ్ల వల్ల రైలు ఆగిన ప్రతిసారీ, వడ్డీ దాదాపు లేని ఆ ఏళ్లలో ఇవి బాగుచేసుకుని ఉండాల్సింది అనిపిస్తుంది. తప్పంతా ఒక్కరిది కాదు, రాష్ట్రాలు, నగరాలు, రైల్వే కూడా ఉన్నాయి. అయినా ఆ ఏళ్లలో డబ్బు సంచి ఆయన చేతిలోనే ఉంది.

2017 నుంచి 2021 దాకా బుండెస్టాగ్ అధ్యక్షుడు, అంటే మన స్పీకర్ లాంటి పదవి. ప్రోటోకాల్‌లో దేశాధ్యక్షుడి తర్వాతి స్థానం. సభలోకి కొత్తగా వచ్చిన తీవ్ర మితవాద పక్షాన్ని గంట మోగించి, నియమాలు చదివి అదుపులో ఉంచాల్సిన కాలం అది. ఆ పనికి ఆయన కన్నా తగిన మనిషి దొరకరు. 2021 అక్టోబర్‌లో అందరికన్నా ఎక్కువ కాలం సభ్యుడిగా కొత్త సభను ప్రారంభించి, వెనక సీట్లో మామూలు సభ్యుడిగా కూర్చున్నారు. 2024 జనవరి 22న పార్లమెంటులో జరిగిన సంతాప సభలో ఫ్రెంచ్ అధ్యక్షుడు మాక్రాన్ కొంత జర్మన్‌లోనే మాట్లాడారు. ఫ్రెంచ్ సరిహద్దు పక్కన యాభై ఏళ్లు ప్రతినిధిగా ఉన్న మనిషికి అది తగిన గౌరవం.

ఇక మీ పేపర్ సంగతి. పుట్టుకతో మొదలుపెట్టి చావుతో ముగించకండి. 1990 ఆగస్టు 31 సంతకాలతో మొదలుపెట్టి, అక్కడి నుంచి వెనక్కి ఒకసారి, ముందుకు మూడుసార్లు వెళ్లండి. వెనక్కి 1984 ఛాన్సలర్ కార్యాలయం, ముందుకు 1991 ప్రసంగం, 2000 జనవరి, 2015 జులై. హోం శాఖ రెండో విడత ఒక పేరా చాలు. బుండెస్టాగ్ చర్చల పూర్తి పాఠాలు అందరికీ అందుబాటులోనే ఉంటాయి. 1991 జూన్ 20, 1999 డిసెంబర్ 2 నాటివి రెండూ తీసుకోండి. ఒకే మనిషి, ఒకే సభ, ఎనిమిదేళ్ల తేడా. జర్మన్ రాకపోతే కంగారు పడకండి. ఆ 1991 ప్రసంగానికి క్లాసు కోసం నేను చేసుకున్న తెలుగు నోట్స్ ఉన్నాయి. ఎక్కడ ఆగిపోయారో ఇక్కడే చెబితే ఆ భాగం రాసి పెడతాను.